అమలాపురం తోడు

మా బావగారు భీమేశ్వరరావు గారి ఒంటిమీద స్వెట్టర్ లేని రోజులు చూశాను గానీ, ఆయన పెరుగు గిన్నెకి స్వెట్టర్ లేని చలికాలం మాత్రం చూడలేదు.

దీపావళి వెళ్ళిందంటే చాలు, జనక్‌పురిలోని మా అక్కావాళ్ళ రెండు గదుల ఫ్లాట్‌లో వంటింటి గట్టుమీద ఆ గిన్నెకి ముస్తాబు మొదలయ్యేది. ముందు పాత తువ్వాలు, దానిమీద బావగారి చేతుల్లేని స్వెట్టర్, ఆ పైన మంకీ క్యాప్. టోపీలో మొహం ఉండాల్సిన చోట మూత బొడిపె ముక్కులా బయటికి కనిపించేది. పదిహేనేళ్ళ మా మేనకోడలు హారిక దానికి దాదీ, అంటే నాన్నమ్మ, అని పేరు పెట్టింది. ఎవరైనా గట్టు దగ్గర గిన్నెలు చప్పుడు చేస్తే "ధీరే! దాదీ సో రహీ హైఁ" అని, నాన్నమ్మ నిద్రపోతోందన్నట్టు గదిమేది. టోపీ గిన్నెకి ఇచ్చేసిన పెద్దమనిషి మాత్రం చెవుల్లో దూది పెట్టుకుని ఆఫీసుకి వెళ్ళేవారు.

ఆ గిన్నెకి ఒక చరిత్ర ఉంది. బావగారిది అమలాపురం. 1982 మే నెలలో ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగానికి రైలెక్కుతుంటే వాళ్ళమ్మ రాజేశ్వరమ్మ గారు చిన్న స్టీలు డబ్బాలో పెరుగు పోసి, మూతకి గుడ్డ కట్టి, "ఇది మనింటి తోడురా అబ్బాయీ. తెగకుండా చూసుకో. ఇది కడుపులో పడినన్నాళ్ళూ ఏ రోగమూ నీ గుమ్మం తొక్కదు" అన్నారట. ఆనాటి నుంచి ఏ రోజు పెరుగుతో ఆ మర్నాటి పాలు తోడేసుకుంటూ ఇరవైనాలుగేళ్ళు లాక్కొచ్చారు. ఈ కథ నేను తక్కువలో తక్కువ రెండొందల సార్లు విన్నాను. గ్యాస్ సిలిండర్ తెచ్చే భయ్యా కూడా విన్నాడు, పాపం, హిందీలో.

కథకి రుజువు కూడా ఉంది, అదే నా ఏడుపు. ఆ ఇరవైనాలుగేళ్ళలో బావగారు ఒక్క మెడికల్ లీవు పెట్టలేదు. సెక్షన్‌లో సగం మంది జనవరిలో ముక్కులు చీదుకుంటూ ఉంటే ఈయన మధ్యలో నిటారుగా కూర్చుని ఫైళ్ళు తిప్పేవారట. బస్సులోగానీ, కొత్తగా వచ్చిన మెట్రోలోగానీ ఎవరైనా తుమ్మితే వాళ్ళ వంక జాలిగా చూసి, నా చెవిలో ఒకే ఒక్క మాట అనేవారు.

"పాపం, కొన్న పెరుగు."

జనక్‌పురి తెలుగువాళ్ళలో ఎవరింట్లో తోడు తెగినా బావగారి దగ్గరికే వచ్చేవారు. పక్క బ్లాకు కాంతమ్మ గారైతే నెలకోసారి గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడేది. అడిగినవాళ్ళకి లేదనరు గానీ, చెంచాడు పెరుగు చేతికిచ్చేలోపు అరగంట ఉపన్యాసం ఇచ్చేవారు. దీపాలు పెట్టాక మాత్రం బ్రహ్మదేవుడొచ్చి అడిగినా ఇవ్వరు.

ఇక నా సంగతి. నేను నిరంజన్‌ని, నాగమల్లేశ్వరి అక్కకి కడగొట్టు తమ్ముడిని. నోయిడాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ రెండేళ్ళుగా వాళ్ళింట్లోనే తిష్ఠ వేశాను. కంప్యూటర్లతో పనిచేసేవాణ్ణి, ఇలాంటివి నమ్మనని గొప్పలు పోయేవాణ్ణి. ఆ గొప్ప ఎంతవరకు నిలబడిందో ఇప్పుడు చెప్తాను.

రెండువేల అయిదు డిసెంబరు చివర్లో ముగ్గురూ నాలుగు రోజులకి హరిద్వార్ వెళ్ళారు. బావగారు నన్ను గట్టు ముందు నిలబెట్టి, తోడెయ్యడం ఎలాగో మూడుసార్లు అప్పజెప్పించుకున్నారు. పాలు గోరువెచ్చగా ఉండాలి. చెంచాడు తోడు. టోపీ చెవులదాకా లాగాలి.

"ఏమోయ్ నిరంజనం, ఇల్లు వదిలేసినా ఫర్వాలేదు. టీవీ పట్టుకుపోయినా ఫర్వాలేదు. తోడు తెగిందా, మీ అక్కని తీసుకొచ్చి మీ ఇంట్లో దింపేస్తాను, ఆయ్" అన్నారు.

మూడు రోజులు బుద్ధిగానే ఉన్నాను. నాలుగో రోజు ఆదివారం. వంకాయ కూర మాడింది. అన్నం ఉంది, ఆవకాయ ఉంది, దాదీ ఉంది. టోపీ తీసి ఒక గరిటె వేసుకున్నాను. అసలు సంగతి చెప్పాలి కదా, ఆ పెరుగు అమృతం. రెండో గరిటె వేసుకున్నాను. టీవీలో క్రికెట్ వస్తోంది. ఏ ఓవర్లో ఏం జరిగిందో గుర్తులేదు గానీ, చూసుకునేసరికి గిన్నె అడుగు కనిపించింది, దాన్ని నేను వేలితో తుడిచి నాకుతున్నాను.

వేలు నోట్లో ఉండగానే చేసిన పని తెలిసొచ్చింది. కాంతమ్మ గారిని అడుగుదామా అంటే, ఆవిడకి చెప్పడమూ ఆకాశవాణికి చెప్పడమూ ఒకటే. చెప్పులేసుకుని మూల మీద పాల బూత్‌కి పరిగెత్తి ఒక కప్పు పెరుగు తెచ్చాను. అందులోంచి చెంచాడు తీసి పాలల్లో వేసి, తువ్వాలు చుట్టి, స్వెట్టర్ తొడిగి, టోపీ పెట్టి, కప్పుని నాలుగు బ్లాకుల అవతల చెత్తకుండీలో పారేసి వచ్చాను. హత్య చేసినవాడు కూడా అన్ని జాగ్రత్తలు తీసుకోడు.

మర్నాడు బావగారు వచ్చి, స్నానం చేసి, కంచం ముందు కూర్చున్నారు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. నేను దేవుళ్ళందరికీ మొక్కేశాను.

"ఆహా! ఎన్ని హరిద్వార్లు తిరిగితే ఏం లాభం? మా అమ్మ చేతి పెరుగు ముందు బలాదూర్."

గండం గడిచిందనుకున్నాను.

సరిగ్గా ఎనిమిదో రోజున బావగారు తుమ్మారు.

ఆ జనవరిలో ఢిల్లీ చలి గురించి చెప్పాలంటే, మా బాల్కనీలో ఆరేసిన లుంగీ అట్టలా నిలబడింది. ఊరంతా తుమ్ముతోంది. అయినా బావగారు తుమ్మడం వేరు. ఆ ఇంట్లో అది జరగని పని. హారిక హోమ్‌వర్క్ మీంచి తలెత్తి, "పాపా, ఆప్‌నే ఛీంకా క్యా?" అంది.

"లేదమ్మా, కుర్చీ జరిగింది."

ఆ తర్వాత ఇంట్లో కుర్చీలు తెగ జరిగాయి. తుమ్మొస్తే బాత్‌రూమ్‌లోకి పరిగెత్తి, బకెట్లోకి కుళాయి తిప్పి తుమ్మేవారు. మెట్రోలో అయితే మరీ ఘోరం. ఒక రోజు ఆయనతో పాటు ఎక్కాను. రాజీవ్ చౌక్ దాకా ఊపిరి బిగబట్టి, కళ్ళు ఎర్రగా చేసుకుని, చివరికి తలుపులు తెరుచుకునే చప్పుడులో ఒక్కటి వదిలారు. ముందున్న సర్దార్జీ తలపాగా సర్దుకుని వెనక్కి తిరిగి చూశాడు. బావగారు వెంటనే నా వంక తిరిగి, "రుమాలు అడ్డం పెట్టుకోవాలయ్యా" అన్నారు.

నవ్వాల్సింది. నవ్వు రాలేదు. లోపల్లోపల ఒకటే గింజుకుంటున్నాను. ఇరవైనాలుగేళ్ళు రాని జలుబు, నేను తోడు మార్చిన ఎనిమిదో రోజున వచ్చింది. ఇంజనీరింగ్‌లో చదివిన స్టాటిస్టిక్స్ అంతా ఆ తుమ్ముతో కొట్టుకుపోయింది.

బావగారు దానికి చేసిన వైద్యం ఏమిటంటే, ఇంకా పెరుగు తినడం. కూర మానేశారు, పప్పు మానేశారు. మూడు పూటలా పెరుగన్నం. నాలుగో రోజుకి నూట ఒకటి జ్వరం వచ్చింది. అక్క ఇంక ఆయన మాట వినకుండా డిస్పెన్సరీకి ఈడ్చుకెళ్ళింది, నన్ను తోడు రమ్మని. అక్కడ డాక్టర్ జానకీదేవి గారు, తెనాలి ఆవిడ. గొంతు చూసి, ఛాతీ మీద స్టెతస్కోప్ పెట్టి అడిగింది.

"ఏం తింటున్నారండీ?"

"పొద్దున పెరుగన్నం, మధ్యాహ్నం పెరుగన్నం, రాత్రి పెరుగన్నం" అన్నారు బావగారు గర్వంగా.

"కూరగాయలు?"

"ఆవకాయ."

"పళ్ళు?"

"మాగాయ. అదీ మామిడేగా అండీ."

డాక్టర్ గారు స్టెతస్కోప్ తీసి బల్లమీద పెట్టేసింది. "చూడండి భీమేశ్వరరావు గారూ, పెరుగు మంచిదే. పేగులకి మేలు చేసే సూక్ష్మజీవులు అందులో ఉంటాయి, కాదనను. కానీ రోగాన్ని ఆపే శక్తి ఒక్కడు మోసే పల్లకీ కాదు. ఆకుకూర, పప్పు, పళ్ళు, కంటినిండా నిద్ర, ఇవన్నీ తలా ఒక భుజం పట్టాలి. మీరు మిగతా బోయీలందరినీ ఇంటికి పంపించేసి పెరుగు ఒక్కదాని నెత్తిన పల్లకీ పెట్టారు. అయినా ఊరంతా వైరస్ ఉంది. అది మీ తోడు ఎవరిచ్చారో అడిగి రాదు. మూడు రోజులు సెలవు పెట్టి పడుకోండి."

బయటికి రాగానే బావగారు మఫ్లర్ బిగించుకుంటూ, "కొన్న పెరుగు మొహం" అన్నారు. సెలవు మాట ఎత్తనివ్వలేదు. ఇంటికొచ్చాక గిన్నె ముందు నిలబడి టోపీ తీసి, చెంచాతో కాస్త పెరుగు నాలుక మీద వేసుకుని తేల్చేశారు.

"తోడులో సత్తువ పోయింది. నేను అమలాపురం వెళ్ళొస్తాను."

అమలాపురంలో వాళ్ళ ఇంట్లో ఇప్పుడు ఆయన చెల్లెలు అన్నపూర్ణేశ్వరి కాపురం ఉంటోంది. అమ్మ తోడు అక్కడ సాగుతోంది, వెళ్ళి తెచ్చుకుంటే సరి. మర్నాడే ప్రయాణం. మెడికల్ లీవు కాదు, సొంత పనులని క్యాజువల్ లీవు. బయట చూస్తే ఎదురింటి బాల్కనీ కనపడనంత పొగమంచు. రైళ్ళు పన్నెండేసి గంటలు ఆలస్యం. ఈయనకి నూట ఒకటి జ్వరం. ప్లాట్‌ఫారం మీద ఒక్క పూట కూర్చుంటే జలుబు కాస్తా న్యుమోనియా అవుతుంది. అదంతా నేను తిన్న నాలుగు గరిటెల వల్ల.

ఉండబట్టలేక వంటింట్లో అక్క కాళ్ళు పట్టుకున్నంత పనిచేసి చెప్పేశాను. అక్క చిక్కుడుకాయలు వలుస్తూ విని, "నువ్వూనా?" అంది.

"నువ్వూనా అంటే?"

"తొంభయ్యారులో పిల్లి గిన్నె దొర్లించేసింది. కాంతమ్మ గారి దగ్గర చెంచాడు తెచ్చాను, మనం ఇచ్చిందేగదా అని. ఏడాది తర్వాత ఆవిడే నోరు జారింది. తనది అంతకుముందే విరిగిపోతే కింది వాటా పంజాబీ ఆంటీ దగ్గర తెచ్చుకుందిట. అప్పణ్ణించీ మనింట్లో ఉన్నది ఆంటీ జామనే, అదే, వాళ్ళ తోడే."

"మరి ఈ పదేళ్ళూ బావగారికి జలుబు ఎందుకు రాలేదు?"

"నాకేం తెలుసురా? ఈ మనిషి మామూలప్పుడు అన్నీ తింటాడు, తొమ్మిదింటికల్లా గురకపెడతాడు. అదే కారణమేమో." చిక్కుడుకాయ పక్కన పెట్టి మెల్లిగా అంది. "చెప్దామని చాలాసార్లు అనుకున్నాను. ఆ గిన్నెకి టోపీ పెట్టేటప్పుడు ఆయన మొహం చూస్తే నోరు రాదు. వాళ్ళమ్మగారు పోయాక మరీనూ."

చెబితే ఆయన మనసు విరుగుతుంది. చెప్పకపోతే ఆయన ప్రాణం మీదికొస్తుంది. మనసు తర్వాత అతికించుకోవచ్చని నేను గదిలోకి వెళ్ళాను.

బావగారు మంచంమీద కూర్చుని సంచీ సర్దుకుంటున్నారు. ఒళ్ళో ఆ పాత స్టీలు డబ్బా ఉంది, 1982 నాటిది. మూత మీద ఆయన పేరు చెక్కి ఉంది.

"బావగారూ, మీరు వెళ్ళక్కర్లేదు. తోడు తెంపింది నేను. హరిద్వార్ వెళ్ళినప్పుడు మొత్తం తినేశాను. ఇప్పుడు గిన్నెలో ఉన్నది బూత్ పెరుగు" అని ఒక్క గుక్కలో అనేశాను.

ఆయన సంచీ సర్దడం ఆపి నా వంక తిరిగారు. తిడతారనుకున్నాను. తుమ్మారు. కుర్చీ మీదికి నెట్టలేదు ఈసారి.

"మొత్తం తినేశావా?"

"గిన్నె కూడా నాకానండి."

"బావుందా?"

"అమృతంలా ఉందండి."

"ఊఁ" అన్నారు. డబ్బా మూత తీసి లోపలికి చూస్తూ, "నేనూ అంతేనయ్యా" అన్నారు.

నాకు అర్థం కాలేదు.

"ఎనభై రెండులో. అమ్మ కట్టిచ్చిన పులిహోర విజయవాడలోనే అయిపోయింది. మే నెల ఎండ, రైలు గంటల తరబడి ఆగిపోయింది. నాగపూర్ దాటాక ఆకలికి ఆగలేక డబ్బా తీశాను. ఒక చెంచాడు మిగులుద్దాం అనే అనుకున్నాను, ఒట్టు. చూసుకునేసరికి వేలు అడుక్కి తగిలింది. కరోల్‌బాగ్‌లో నేను అద్దెకి దిగిన ఇంటావిడ, బీజీ అనేవాళ్ళం, ఆవిడ ఇచ్చింది జామన్. ఇన్నేళ్ళూ నేను తిన్నది ఆవిడ తోడు."

"మరి ఈ కథంతా..."

"అమ్మ ప్రతి ఉత్తరంలోనూ చివర ఒక ముక్క రాసేది. తోడు ఉందా అని. తినేశానని రాయనా? ఉందమ్మా అని రాశాను. పంతొమ్మిదేళ్ళు రాశాను, ఆవిడ పోయేదాకా. రాసి రాసి నాకే నిజమైపోయింది." డబ్బా మూత మళ్ళీ పెట్టారు. "ఇప్పుడీ జ్వరం ఎందుకొచ్చిందనుకున్నావు? పైనుంచి అమ్మ కనిపెట్టేసింది. ఒక్కసారైనా అసలు తోడు తెచ్చుకుంటే క్షమిస్తుందని."

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఏం చెయ్యాలో తెలియక పక్కనున్న ఫోన్ తీసి, "ముందు అన్నపూర్ణక్కతో మాట్లాడండి. ఈ చలికి వద్దు, ఎండలొచ్చాక వస్తానని చెప్పండి" అన్నాను. నంబరు నేనే నొక్కాను. ఆవిడ గొంతు ఎంత పెద్దదంటే, స్పీకర్ లేకపోయినా గదంతా వినిపించింది.

"తోడు కోసం ఇంత దూరం వస్తావా అన్నయ్యా? జ్వరం పెట్టుకునా? మతిగానీ పోయిందా?"

"అమ్మ తోడే, నీ దగ్గరున్నది."

"అమ్మ తోడు ఎక్కడిది? ఎనభయ్యారు వరదలో వంటిల్లంతా మునిగిపోలా? గిన్నెలే దొరకలేదు, తోడెక్కడ దొరుకుద్ది? నీకు రాస్తానంటే అమ్మ ఒద్దంది. బెంగపెట్టుకుంటాడు, వాడి దగ్గర భద్రంగా ఉందిగా, వచ్చినప్పుడు తెమ్మందాం అంది. మరుసటేడు మాఘమాసంలో వదినని చూసుకోడానికి వచ్చినప్పుడు నువ్వు తెచ్చావు చూడు, అదే ఇప్పటికీ వేస్తన్నాను. అమ్మ పోయేదాకా అదే తింది. మా భీముడు కాపాడిన తోడని వీధి వీధంతా పంచింది."

కరోల్‌బాగ్ బీజీ పెరుగు పద్నాలుగేళ్ళు అమలాపురం వీధంతా తిన్నదన్నమాట, అమలాపురం తోడు అనుకుంటూ. గుమ్మం దగ్గర అక్క కొంగు నోట్లో కుక్కుకుంది గానీ లాభం లేకపోయింది. పకాలున నవ్వేసింది. బావగారు కూడా మొదలెట్టారు. నవ్వు, దగ్గు, తుమ్ము, కన్నీళ్ళు, ఏది ఏదో చెప్పలేం. హారిక గిన్నె పడిపోయిందేమోనని పరిగెత్తుకొచ్చి "క్యా హుఆ, దాదీ గిర్ గయీ క్యా?" అంది.

ఆ రోజే బావగారు తన జీవితంలో మొదటి మెడికల్ లీవు కాగితం రాశారు. సంతకం పెట్టేముందు పెన్ను రెండుసార్లు ఆపారు. మూడు రోజులు పాలకూర పప్పు తిని, కిన్నూ నారింజలు ఒలుచుకుని, పెరుగు ఒక్క పూటకే కుదించుకుని, గిన్నె మీద ఉన్న టోపీ తీసి తన నెత్తిన పెట్టుకుని పడుకున్నారు. నాలుగో రోజుకి జ్వరం తగ్గింది.

మార్చిలో, పొగమంచు వదిలాక, ఆయన అమలాపురం వెళ్ళారు. "అది బీజీదో ఎవరిదో, పద్నాలుగేళ్ళు మా అమ్మ చేతిలో తోడుకుంది. అదే తెచ్చుకుంటాను" అన్నారు. స్టీలు డబ్బా పట్టుకుని, గుడ్డ కట్టుకుని మరీ వెళ్ళారు.

తిరిగొచ్చే రోజున న్యూఢిల్లీ స్టేషన్‌కి నేనే వెళ్ళాను. రెండు రోజులుగా నాకు ఒళ్ళు బాలేదు, అయినా వెళ్ళాను. బావగారు రైలు దిగి డబ్బా నా చేతికిచ్చారు. తేలిగ్గా ఉంది. మూత తీశాను. అద్దంలా నా మొహం నాకే కనిపించింది.

"నాగపూర్ దాటాక" అన్నారు, ప్లాట్‌ఫారం వంక చూస్తూ.

"మళ్ళీనా! పులిహోర అయిపోయిందా?"

"పులిహోర ఉంది. ఆకలి కూడా లేదు. ఒక్కసారి రుచి చూద్దామని మూత తీశాను. అమ్మ పెట్టినట్టే ఉందయ్యా. చెంచాడు మిగల్చడానికి మనసొప్పలేదు."

నేను మూత పెట్టేశాను. ఇద్దరం మెట్రో ఎక్కాం. జనక్‌పురిలో దిగాక ఇంటివైపు కాకుండా మూల మీద బూత్ వైపు నడిచారు. ఒక కప్పు పెరుగు తీసుకుని అక్కడే నిలబడి జాగ్రత్తగా స్టీలు డబ్బాలోకి ఒంపి, మూత పెట్టి, గుడ్డ బిగించారు.

గుమ్మంలో కాంతమ్మ గారు అప్పటికే గిన్నెతో సిద్ధంగా ఉంది. "అమలాపురం నుంచి తాజా తోడు తెచ్చారటగా అన్నయ్యగారూ!" అంది. బావగారు చెప్పులు విప్పి, కాళ్ళు కడుక్కుని వచ్చి, డబ్బా గుడ్డ విప్పి ఆవిడ గిన్నెలో ఒక చెంచాడు వేశారు. "తెగనివ్వకండి. మా అమ్మది" అన్నారు. అక్క నా వంక చూసింది, నేను గోడ వంక చూశాను.

సరిగ్గా అప్పుడే నాకు తుమ్మొచ్చింది. ఆపుకోలేకపోయాను.

కాంతమ్మ గారు ఉలిక్కిపడి రెండడుగులు వెనక్కి వేసింది. బావగారు చెంచా పట్టుకునే నా వంక జాలిగా చూసి, ఆవిడతో మెల్లిగా అన్నారు.

"పాపం, కొన్న పెరుగు."